మైకు పట్టని వరాలు

మా రోజుల్లో సంఘంలో ముందు పని కనపడేది. ఆ పని చూసి, ఈ మనిషికి ఫలానా వరం ఉందని పదిమందీ అనుకునేవారు. పదవి ఆ తర్వాత ఎప్పుడో వచ్చేది, రాకపోయినా ఎవరికీ పట్టింపు ఉండేది కాదు. ఇప్పుడు అన్నిటికంటే ముందు ఫ్లెక్సీ వస్తోంది. పేరుకు ముందు అపొస్తలుడని, ప్రవక్త అని, బిషప్ అని, డాక్టర్ అని వరసగా బిరుదులు. ఈయన ఏ సంఘాన్ని కాశాడు, ఏ రోగి మంచం పక్కన కూర్చున్నాడు అని అడిగితే, అడిగినవాడికే విశ్వాసం లేదంటున్నారు. కోపం రాకుండా ఎలా ఉంటుంది?

మేం హౌరా తెలుగువాళ్ళం. శ్రీకాకుళం, విశాఖ, గంజాం వైపు నుంచి జూట్ మిల్లులకీ, ఆనాటి బి.ఎన్.ఆర్. రైల్వేకీ బతుకుతెరువు కోసం వచ్చినవాళ్ళ బిడ్డలం. మా నాన్న మిల్లులో చేశాడు, నేను రైల్వేలో చేసి రిటైరయ్యాను. మా సంఘానికి మొదట్లో గుడి లేదు. రైల్వే క్వార్టర్ వరండాలో చాపలు పరిస్తే అదే గుడి. అయ్యగారు నెలకోసారి ఖరగ్‌పూర్ నుంచి వచ్చి ప్రభువు బల్ల ఇచ్చి వెళ్ళేవారు. మిగతా ఆదివారాలన్నీ సంఘాన్ని నడిపింది ఖలాసీలు, మిల్లు కార్మికులు, వాళ్ళ ఇల్లాళ్ళు.

అందులో ఒక పెద్దమ్మ సంగతి చెప్పాలి. పిడికెడు బియ్యం అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. పూటపూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, ప్రభువు కోసమని వేరే డబ్బాలో వేసేవారు. ఆదివారం అవన్నీ చిన్న చిన్న సంచుల్లో వరండాకి చేరేవి. సగం ఇళ్ళ నుంచి బెంగాల్ ఉప్పుడు బియ్యం, సగం ఇళ్ళ నుంచి ఊరి పచ్చి బియ్యం. రెండూ కలిపి వండితే ఒకటి చిమిడిపోతుంది, ఇంకొకటి పలుకు మీద ఉండిపోతుంది. అందుకని పెద్దమ్మ రెండు గోనె సంచులు పెట్టుకుని కూర్చునేది. వచ్చిన ప్రతి సంచిలోంచి నాలుగు గింజలు తీసి, గోటితో నొక్కి చూసి, దేన్ని ఎందులో పోయాలో పోసేది. ఆనక చాటలో చెరిగి రాళ్ళేరేది. జూట్ మిల్లులకు లాకౌట్లు కొత్త కాదు కదా, ఆ రోజులొస్తే ఆ బియ్యం ఏ ఇంటికి వెళ్ళాలో ఆమెకే తెలుసు. చీకటి పడ్డాక కొంగు చాటున పట్టుకెళ్ళేది. మా సంఘం వాళ్ళకే ఇచ్చేదనుకోకండి, బీహారు వాళ్ళ పొయ్యి కూడా వెలిగించింది. తీసుకున్నవాళ్ళ పేరు ఆమె నోటి వెంట ఏనాడూ రాలేదు. ఆమెకు చదువు రాదు, ఒక్కనాడు కూడా ప్రసంగం చెయ్యలేదు.

ఇంకొకాయన నాకు వరసకు బావ. లేచి ప్రార్థన చెయ్యమంటే ఆయనకు చెమటలు పట్టేవి, రెండు మాటలు దాటేవాడు కాదు. పెద్దలు అది చూసి ఆయన్ని మరి ప్రసంగానికి లేపలేదు. కానీ చేతిరాత మాత్రం ముత్యాలే. ఆదివారం భోజనాలయ్యాక వరండా మెట్ల మీద కూర్చుంటే, చదువు రాని మిల్లు కార్మికులు ఉత్తరాల కోసం, మనియార్డర్ల కోసం వచ్చి చుట్టూ చేరేవారు. మనియార్డరు ఫారం అడుగున కబురు రాసుకోవడానికి ఇచ్చే జాగా ఎంతని? ఆ కాస్తలోనే ఎవరి అప్పు ముందు తీర్చాలో, పిల్లదాని జ్వరం ఎలా ఉందో రాయమని, పండక్కి రాలేనని, అన్నీ ఇమిడ్చేవాడు. జవాబు వస్తే చదివి వినిపించేదీ ఆయనే. ముందుగా తను కళ్ళతో చదువుకునేవాడు. చావు కబురైతే మిగతావాళ్ళందర్నీ తర్వాత రమ్మని పంపించేసి, ఆ మనిషిని లోపలికి తీసుకెళ్ళి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి అప్పుడు చదివేవాడు. చాలా ఏళ్ళకు ఆయన్ని డీకన్ చేస్తామంటే, “పని చేస్తూనే ఉన్నాను కదరా, మళ్ళీ పదవెందుకు” అన్నాడు. బలవంతాన ఒప్పించాం.

ఇవి వరాలు కావని ఎవరనగలరు? రోమా పత్రిక 12వ అధ్యాయంలో ప్రవచించడం, బోధించడంతో పాటే పరిచర్య, పంచిపెట్టడం, కరుణించడం ఉన్నాయి. ఇది పెద్దది, అది చిన్నది అని పౌలు అక్కడ విడదీయలేదు. కొరింథు మొదటి పత్రిక 12లో స్వస్థపరిచే వరాల పక్కనే ఉపకారాలు చేయడం ఉంది. శరీరంలో బలహీనంగా కనిపించే అవయవాలే మరీ అవసరమైనవని ఆ అధ్యాయంలోనే చెప్పాడు. ఇక ఎఫెసీ పత్రిక 4లో అపొస్తలులు, ప్రవక్తలు, సువార్తికులు, కాపరులు, బోధకులు అని ఉంది చూశారా, ఫ్లెక్సీల వాళ్ళందరూ పట్టుకునేది ఆ వాక్యాన్నే. తర్వాతి వాక్యం ఎందుకు చదవరో నాకర్థం కాదు. వాళ్ళను ఇచ్చిందే మిగతా విశ్వాసులను పరిచర్యకు సిద్ధం చెయ్యడానికి. ఒక సంఘంలో పాస్టరుగారొక్కరే ప్రార్థించి, పాస్టరుగారొక్కరే రోగిని చూసొచ్చి, మిగతా అందరూ కుర్చీల్లో కూర్చుని ఫోన్లో వీడియో తీస్తున్నారంటే, ఆ పాస్టరుగారు తన పని చెయ్యనట్టే లెక్క.

మా పెద్దలు ఇదంతా గాల్లోంచి నేర్చుకోలేదు. హౌరా స్టేషన్లో లోకల్ ఎక్కి శ్రీరాంపూర్‌లో దిగితే ఆ పాఠం కళ్ళ ముందే ఉంటుంది. అక్కడ మిషన్ నడిపిన విలియం కేరీ ఒకప్పుడు చెప్పులు కుట్టినవాడు, ఇక్కడ భాషల మనిషయ్యాడు. జాషువా మార్ష్‌మన్ బడిపంతులు. విలియం వార్డ్ అచ్చు పనివాడు. మార్ష్‌మన్ భార్య హన్నా బడులు నడిపి, ఆ రాబడితో మిషన్‌కి అన్నం పెట్టింది. వాళ్ళతో ఉన్న జాన్ థామస్ వైద్యుడు, భుజం జారిన ఒక వడ్రంగికి ఎముక సరిచేశాడు. కృష్ణ పాల్ అనే ఆ వడ్రంగే 1800 డిసెంబర్ 28న హుగ్లీలో బాప్తిస్మం పొంది, తర్వాత సువార్తికుడయ్యాడు. 1812 మార్చిలో ఆ మిషన్ ముద్రణాలయం తగలబడి ఎన్నో భాషల అచ్చు అక్షరాలు కరిగి ముద్దయిపోతే, వార్డ్ ఆ బూడిదలో వెతికి, అక్షరాలు పోత పోసే అచ్చులు పాడవలేదని కనుక్కుని మళ్ళీ పని మొదలుపెట్టించాడు. తెలుగు కొత్త నిబంధన 1818లో ఆ ముద్రణాలయంలోనే అచ్చయింది. వార్డ్ కూడా ప్రసంగమే నా వరం అని కూర్చుని ఉంటే, మన చేతికి ఆ పుస్తకం అప్పుడు వచ్చేదా?

ఆ శ్రీరాంపూర్‌లోనే 1905 క్రిస్మస్ నాడు నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టింది. దానికి మొదట్లో కార్యదర్శిగా పనిచేసిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యను 1912 డిసెంబర్ 29న, మాకు నది అవతల ఉన్న సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో, దోర్నకల్ బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. తమిళుడై ఉండి తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీద, సైకిల్ మీద మన పల్లెలు తిరిగాడు. బాప్తిస్మం తీసుకున్న ప్రతి కూలీ చేతా తల మీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పడం తన బాధ్యతేనని పలికించేవాడు. బిషప్ అనే మాట వినగానే మా తరానికి గుర్తొచ్చేది ఆయన. ముప్ఫై కుటుంబాలున్న సంఘంలో తనకు తానే బిషప్ అని బోర్డు రాయించుకున్నవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది.

చదువు అక్కర్లేదని నేననను. మా శిబ్‌పూర్‌లో, ఇప్పుడు ఇంజినీరింగ్ సంస్థ ఉన్న ఆవరణలో, 1820లోనే బిషప్స్ కాలేజీ పెట్టారు. హీబ్రూ, గ్రీకు నేర్చుకొచ్చిన అయ్యగార్ల బోధ విని పెరిగినవాణ్ణి. ఏళ్ళ తరబడి చదివిన బి.డి. పట్టాకు లేచి నిలబడతాను. డబ్బు కట్టి తెప్పించుకున్న డాక్టరేటుకు మాత్రం నిలబడను.

భాషల వరాన్నీ కాదనను. మా వరండాలోనూ ఆత్మతో నిండి భాషల్లో మాట్లాడినవాళ్ళున్నారు. అప్పుడు మా పెద్దాయన ఒకరు లేచి, “దీని భావం ఎవరు చెప్తారమ్మా?” అని మర్యాదగా అడిగేవారు. ఎవరూ లేవకపోతే కీర్తన ఎత్తుకునేవారు. కొరింథు మొదటి పత్రిక 14 చెప్పే క్రమం అదే. ఇప్పుడు సౌండు బాక్సుల హోరులో ఆ ప్రశ్న వేసినా ఎవరికీ వినపడదు.

మొన్న మా యువకులు ఒక ఫారం పంచారు. ఒక్కో ప్రశ్నకి సున్నా నుంచి ఐదు దాకా మన మార్కులు మనమే వేసుకుని కూడితే, మన వరం ఏదో తేలుతుందట. తేలింది. ఎక్కువమందికి నాయకత్వం, తర్వాత ప్రవచనం. కరుణించే వరం ఎవరికీ తేలలేదు. అది చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వరం ఉందని చెప్పాల్సింది పక్కవాడు కదా! బల్లల దగ్గర పరిచర్యకు ఏడుగురు కావాల్సి వస్తే, అపొస్తలులు మంచి పేరున్నవాళ్ళను ఏర్పరచమని సంఘానికే చెప్పారు. బర్నబాను, సౌలును చేతులుంచి పంపింది అంతియొకయ సంఘం. మా పెద్దమ్మ చేతికి ఆ ఫారం ఇచ్చి ఉంటే అన్నిటికీ సున్నాలే వేసుకునేది.

ఇప్పటి కాలంలో మంచే లేదని కాదు. మంచం పట్టినవాళ్ళు ఇంట్లో ఉండి ఫోన్లో ఆరాధన వింటున్నారు, సంతోషం. ఆ ఫారాల రోజు అందరూ వెళ్ళిపోయాక కుర్చీలు మడతపెట్టిన ఆడపిల్ల ఒకతి ఉంది, కాలేజీలో చదువుతోంది. మా మనవల తరానికి బెంగాలీ, హిందీ తప్ప తెలుగు చదవడం రాదు. ఈ పిల్ల, శ్రీకాకుళం, గంజాం వైపు తిరిగి సువార్త చెప్పిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలను బెంగాలీ అక్షరాల్లో రాసి పిల్లలకు నేర్పుతోంది. ఆ లిపిలో ఎకారానికి, ఏకారానికి తేడా లేదు, మన ళ లేదు. అందుకని దీర్ఘం వచ్చినచోట పైన ఎర్ర పెన్నుతో గీత, ళ వచ్చినచోట లకారం కింద చుక్క పెడుతుంది. శనివారం సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టి ఒక్కో చరణానికీ బెంగాలీలో అర్థం చెప్తుంది.

వచ్చే నెల మా వార్షిక కూటం. సండే స్కూలు సూపరింటెండెంట్ పదవికి ముగ్గురు పోటీ పడుతున్నారు, ముగ్గురూ ఫారంలో నాయకత్వం తేలినవాళ్ళే. ఆ పిల్ల పేరు ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తుతాను. పాటల జెరాక్సు ఖర్చంతా తన ట్యూషన్ డబ్బుల్లోంచి పెడుతోందని ఈ మధ్యే తెలిసింది, ఆ రసీదులు కూడా అడిగి తీసుకుని కోశాధికారి బల్ల మీద పెడతాను.