బండివాని పద్యమునకు టీకా తాత్పర్యములు

మూలము

చమురుజాడఁ జూచి, సలిలంబుఁ దొలఁగించి,
గాలి పట్టెనేని గాలిఁ దీసి,
పొగల వన్నెఁ గాంచి పొరబాటు గుర్తించి
బండి నడుపువాఁడు బాటఁ బడఁడు.

అవతారిక

సాధారణముగా మూలకారుడొకడు, వ్యాఖ్యాత యొకడు నగుటచేత, మూలకారుడు కలలోనైన దలపని యర్థములను వ్యాఖ్యాత త్రవ్వి తీయుటయు, ఆ యిరువురి నడుమ బాఠకుడు నలిగిపోవుటయు మన వాఙ్మయమున నలవాటైన సంగతియే. ప్రస్తుత పద్యమునకు మూలకారుడును వ్యాఖ్యాతయు నీ వ్రాయువాడే యగుటవలన నా బాధ లేదు. పద్యమున లేని యర్థ మెచ్చటనైన టీకలో గనబడినచో, అది చెప్పదలచియు గణములు కుదురక విడిచినదని పాఠకులు గ్రహింతురుగాక.

ఆంధ్రదేశమున కుత్తరపు గడపయైన యిచ్ఛాపురమున నిలిచి చూచినవారికి, కలకత్తా చెన్నపట్టణముల నడుమ జాతీయ రహదారిపై రేయింబవళ్లు సాగు లారీల వరుస యొకవైపును, కవిటి కొబ్బరిని, పలాస జీడిపప్పును, టెక్కలి గ్రానైటు రాతిని మోసికొని వచ్చు బండ్ల వరుస యింకొకవైపును గానవచ్చును. లారీ యైనను, బొలేరో యైనను, మూడుచక్రముల సర్వీసు ఆటో యైనను, వీనిలో బెక్కింటి జఠరాగ్ని డీజిలే. ఈ యగ్నికి ఋషి రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు. ఆయన 1858లో పారిస్ నగరమున జన్మించి, 1897లో ఆగ్స్‌బర్గు పట్టణమున దన యింజనును లోకమునకు నడిపి చూపి, 1913 సెప్టెంబరు 29వ తేదీన ఇంగ్లండుకు బోవు స్టీమరునెక్కి, ఆ రాత్రియే సముద్రమున నదృశ్యుడయ్యెను. ఆయన సాధించిన మర్మ మిది: గాలిని పదునారు పదునెనిమిది వంతుల నుండి యొక్క వంతునకు వచ్చునట్లదిమినచో, నది తనంతట దానే కాగి, తనలో జిమ్మిన నూనెను నిప్పురవ్వ యక్కఱ లేకయే మండించును. పెట్రోలు బండికి రవ్వ కావలయును. దీనికి ఒత్తిడి చాలును. కావున మనుష్యదేహమునకు వాతపిత్తశ్లేష్మము లెట్లో, డీజిలు బండికి జమురు, నీరు, గాలి యట్లు. దీని రోగములలో నధికభాగ మీ మూడింటి ప్రకోపమే.

ప్రతిపదార్థము

చమురుజాడన్ = గేజుపుల్లమీద ఇంజనాయిలు నిలిచిన మేరను; చూచి = ప్రొద్దున్నే, ఇంజను చల్లగా నున్నప్పుడు, బండిని మిట్టపల్లములు లేని చోట నిలిపి పరీక్షించి; సలిలంబున్ = డీజిలు ఫిల్టరు నడుగున జేరిన నీటిని; తొలఁగించి = మర వదలి కార్చివైచి; గాలి పట్టెనేని = డీజిలు గొట్టములలో గాలి చొచ్చినచో; గాలిన్ తీసి = చేతిపంపు కొట్టి దానిని వెడలగొట్టి; పొగల వన్నెన్ = సైలెన్సరు విడుచు పొగయొక్క రంగును; కాంచి = అద్దములో గాక, బండి దిగి వెనుకకు బోయి చూచి; పొరబాటు గుర్తించి = రోగమూలము నెఱిగి; బండి నడుపువాఁడు = డ్రైవరు; బాటన్ = నడిరోడ్డున; పడఁడు = వచ్చిపోవు బండ్ల కెల్ల జేయి యూపవలసిన దశకు రాడు.

వ్యాఖ్యానము

చమురుజాడ. పుల్లను దీసి, గుడ్డతో దుడిచి, మరల ముంచి తీసినగాని యీ జాడ తెలియదు. తుడువక చూచినవాడు నిన్నటి చమురును జూచినవాడే. చమురు రెండు గీతల నడుమ నుండవలయును. క్రింది గీతకు దిగువైన దోషము. పై గీతను దాటినను దోషమే. క్రొత్తగా బోయించిన చమురు కొలది దినములకే నల్లబడినదని కలవరపడి మేస్త్రీతో దగవులాడువారున్నారు. డీజిలు మసిని దనలో నిముడ్చుకొనుట యా చమురునకు విహితధర్మము గనుక నది నల్లబడుట తప్పు గాదు. పాలు కలిసిన తేనీటి వన్నెకు దిరిగినచో మాత్రము లోపల నీరు చమురుతో గలిసినదని యెఱిగి, ఆ బండిని స్టార్టు చేయకయే మేస్త్రీని బిలువవలయును.

సలిలంబుఁ దొలఁగించి. ఇది యీ పద్యమునకు బ్రాణము. ఎడారిదేశపు వ్యాఖ్యాత దీనిని రెండు మాటలలో ముగించునేమో గాని, యొకవైపు సముద్రమును, వేఱొకవైపు మహేంద్రగిరియు, నడుమ బాహుదా మహేంద్రతనయలును గల ఉద్దానమున గూర్చుండి వ్రాయువానికి నది సాధ్యము గాదు. సగము వెలితిగా నున్న ట్యాంకులో మిగిలిన చోటును దేమగాలి యాక్రమించి, రాత్రి చల్లబడగానే గోడలకు జెమర్చి, బొట్టుబొట్టుగా నడుగునకు జారును. లీటరు నీరు 1000 గ్రాములు తూగగా లీటరు డీజిలు 830 గ్రాముల దాపున దూగును. కావున నీరు డీజిలుపై దేలక యడుగున జేరి, పంపు పీల్చు త్రోవలోనే కాపు గాచును. అచ్చటినుండి పంపునకును, పంపునుండి నాజిలునకును జేరి, వెండ్రుకకంటె సన్నని సందులలో డీజిలు జిడ్డు మాత్రమే రక్షగా గదలాడు నుక్కును దుప్పు పట్టించును. పైన మూత బాగుగనే యున్నది, వాన లోనికి రాలేదు, నీరెచ్చటి దని వాదించువారు చలికాలపు దెల్లవారుజామున దమ బండి యద్దమును దడవి చూతురుగాక.

నివారణ మిది. రాత్రి బండి నిలుపునప్పుడు ట్యాంకు నిండుగా నుంచుట యొకటి. ఫిల్టరు నడుగుననున్న చిన్న మర క్రింద గాజుసీసా నుంచి, రెండు చుట్లు వదలి, వచ్చినదానిని బట్టి కాసేపు కదల్పక చూచుట రెండవది. నీరున్నచో నది యడుగునను, డీజిలు మీదను విడిపోయి, నడుమ గీత గీసినట్లు కానవచ్చును. గీత కనబడనంత దనుక గార్చి, మరను బిగించి, ఆ సీసాలోని దానిని నేలమీదను గాలువలోను బోయక మేస్త్రీ షెడ్డులోని పాతనూనె డబ్బాలో బోయవలయును. క్రొత్తబండ్లలో నీరు చేరినంతనే డ్రైవరు ముందఱ నొక దీపము వెలుగును. దానిపై స్టిక్కరు నంటించిన మహానుభావుల కీ వ్యాఖ్యానము పనికిరాదు.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దాపున దీరము దాటి, తరతరముల కొబ్బరితోటలను, జీడితోటలను వేళ్లతో బెకలించినప్పుడు, కరెంటు లేని యూళ్లలో బోరునుండి చుక్కనీరు పైకి రావలెనన్న జనరేటరే దిక్కయ్యెను. జనరేటరు డీజిలులో నీరు చేరినచో నూరికి నీరు లేదు. ఇట్టి విరోధాభాసమును మన యాలంకారికులు సయిత మూహింపలేదు.

ఇచ్చటనే యొక యనుబంధవిధి. వరదలో నింజను దాక మునిగి తేలిన బండికి, నీరు తీసినది గదా యని సెల్ఫు కొట్టరాదు. గాలి యదిమిన నణగును, నీరణగదు. ఇంజనులోనికి నీరు చొచ్చియుండగా బిస్టను పైకి లేచినచో, నడ్డగించిన నీరు చలింపదు గనుక గనెక్టింగు రాడ్డు వంగును. అటుపై నది కొన్ని వందలతో బోవు పని గాదు. బ్యాటరీ తీగ విప్పి, త్రాటితో లాగించుకొని షెడ్డునకు జేర్చుటయే మార్గము.

గాలి పట్టెనేని గాలిఁ దీసి. ఇచ్చట బూర్వపక్షము: ఇంజను గాలి పీల్చియే గదా బ్రదుకుచున్నది, ఆ గాలికై ఫిల్టరొకటి పెట్టి దానిని దులుపుచును మార్చుచు నున్నాము గదా, మరల గాలిని దీయు మనుట వ్యాహతము గాదా? సిద్ధాంతము: గాలికి మార్గమొకటి, డీజిలుకు మార్గమొకటి. తన మార్గమున వచ్చు గాలి ప్రాణవాయువు; డీజిలు మార్గమున జొచ్చిన గాలి మూర్ఛావ్యాధి. ట్యాంకును దుడిచిపెట్టునట్లు డీజిలు నడుగంట వాడిన బండికి నిది తప్పక పట్టును. పిమ్మట డబ్బాలతో డీజిలు తెచ్చి పోసినను బండి కదలదు. సోంపేట రోడ్డులో నిట్లు నిలిచిన యొక సర్వీసు ఆటో యొద్ద విన్న సంవాదము సంప్రదాయప్రమాణముగా నుదాహరింపదగి యున్నది.

“డీజిలు సూసుకోనేదేటి, బావా?”

“కంచిలి దాకా వచ్చీద్దనుకున్నాను.”

“నువ్వనుకున్నది ఇంజనుకి తెలీదు కదేటి! ఆ పానా ఇలాగియ్యి.”

అంతట నా మేస్త్రీ ఫిల్టరు తలపైనున్న మరను బానాతో నొకింత వదలి, చేతిపంపును బొటనవ్రేలితో టపటప గొట్టుచుండగా, మొదట నురుగు, దరువాత బుడగలతో గూడిన డీజిలు, తుదకు బుడగ లేని తేట ధారయు వెలువడెను. ధార కారుచుండగనే మరను బిగించెను. ఆ సమయస్ఫూర్తియే యీ విద్యలోని రహస్యము, ఏలయన ధార యాగిన పిమ్మట బిగించినచో గాలి మరల లోనికి జొచ్చును. మూడవ సెల్ఫునకు బండి లేచినది.

ఈ విధి పాత పంపుల బండ్లకు జెల్లును. కామన్ రైలు పద్ధతి గల క్రొత్తబండ్లలో నాజిలు గొట్టముల నట్లు విప్పరాదు. వానిలో నొత్తిడి 1600 బార్లకు మించి యుండును. కానరాని కంతనుండి చిమ్మిన డీజిలు చర్మమును సూదివలె ద్రవ్వి లోనికి బోవును. పైన చుక్కంత గాయమే యుండును, నొప్పి కూడ మొదట నంతగా నుండకపోవచ్చును, లోపల మాంసము చెడుచుండును. అట్టివానికి బసుపు పెట్టి యింటికి బంపక, వెంటనే ఆసుపత్రికి జేర్చి, డీజిలు లోనికి జిమ్మినదని వైద్యునకు స్పష్టముగా జెప్పవలయును.

పొగల వన్నెఁ గాంచి. నల్లపొగ వచ్చినచో గాలి చాలలేదనియో, బరువు మించినదనియో, డీజిలు మితి దప్పినదనియో యర్థము. మొదట గాలిఫిల్టరు విప్పి చూడవలయును, తోటల నడుమ ధూళిత్రోవలలో దిరుగు బండికి నది యెన్నడో మూసికొని పోయియుండును. నీలిపొగ యింజనాయిలు కాలుచున్నదనుటకు గుఱుతు. తెల్లపొగ చలివేళ మొదటి నిమిషమున వచ్చి పోవుట సహజము. వేడెక్కిన తరువాతను వచ్చుచున్నచో రేడియేటరు నీరు సిలిండరులోనికి దిగుచున్నదేమో యని శంకింపవలయును. పలాస జీడిబట్టీల పొగనడుమ నిలిపి బండి పొగను నిర్ణయించుట మాత్రము ప్రమాదము. 2020 ఏప్రిల్ 1 నుండి వచ్చిన బీఎస్ 6 బండ్లు పొగలోని మసిని దమలోనే పట్టి యుంచుకొని, వేడెక్కినప్పుడు కాల్చుకొనును. అట్టి బండిని యూరి సందులలోనే త్రిప్పుచుండక, యప్పుడప్పుడు రహదారిపై సోంపేట దాక నిలుకడగా దోలి తెచ్చినచో దాని కడుపు శుభ్రపడును.

బాటఁ బడఁడు. ఇది యర్థవాదము, అనగా బ్రోత్సాహార్థ మొకింత పెంచి చెప్పిన మాట. ఎంతటి జాగ్రత్తపరునకైన నొకనాడు రోడ్డుమీద నిలువక తప్పదు. కావున గణములలో బట్టని యాపద్ధర్మములు కొన్ని.

ఇంజను కాగి సూది యెఱ్ఱగీతకు జేరినచో బండి నాపి, రేడియేటరు మూతను మాత్రము ముట్టరాదు. లోని నీ రొత్తిడివలన 100 డిగ్రీలు మించియు మరుగక కాచియుండి, మూత వదలినంతనే మొగమునకు జిమ్ముకొని వచ్చును. చేతి కోర్చునంత చల్లారినదాక వేచియుండుటకంటె వేఱు చికిత్స లేదు. బంకులో పొరపాటున బెట్రోలు పోసినారని తెలిసినచో దాళము త్రిప్పకయే బండిని బ్రక్కకు ద్రోయించి, ట్యాంకు ఖాళీ చేయింపవలయును; స్టార్టు చేసినచో జిడ్డులేని యా పెట్రోలు పంపును నాజిళ్లను గోరి పాడుచేయును. ఇక దాళము తీసినను ఆగక, తనంతట దానే రెచ్చిపోయి యరచు నింజనున్నదే, యది టర్బో సీలు పోయి తన యింజనాయిలునే డీజిలుగా ద్రాగుచున్నది. గేరుబండి యైనచో బెద్దగేరు వేసి, బ్రేకు గట్టిగా ద్రొక్కి, క్లచ్చి వదలినచో నది యూపిరి యాడక చచ్చును. అది కుదరనప్పుడు దూరముగా నిలుచుటయే వివేకము. గాలిగొట్టముపై నఱచేయి యడ్డము పెట్టబోయిన శూరుడు చేతిని బోగొట్టుకొనును. డీజిలుకు నిప్పంటినచో నీరు చల్లరాదు, నీటిపై దేలి మంట వ్యాపించును. ఇసుక చల్లవలయును, ఉద్దానమున దానికి గొదువ లేదు.

బండిలో రోగి యున్నప్పు డీ ముచ్చట్లన్నియు బ్రక్కకు బెట్టవలయును. మూత్రపిండముల జబ్బుతో వారమునకు రెండు మూడు పర్యాయములు డయాలసిస్‌కు బోవువా రీ ప్రాంతమున నెందఱో యున్నారు. 2023 డిసెంబరులో బలాసలో నా వ్యాధికై 200 పడకల ఆసుపత్రి వెలసినను, దానిని జేరుటకు మరల నొక బండియే కావలయును. అట్టివారి నెక్కించుకొను డ్రైవరు తన విద్య ప్రదర్శించుచు గంటసేపు పానా త్రిప్పరాదు. ఐదు నిమిషములలో గదలనిచో 108కు ఫోను చేసియో, యెదురు వచ్చు బండిని ఆపియో రోగిని ముందు పంపి, తరువాత బానా పట్టవలయును. రహదారిపై నిలిచినవారికి 1033 అను నంబరున్నది.

తాత్పర్యము

ప్రొద్దున నైదు నిమిషములు వంగి చూచిన బండి మధ్యాహ్నము నిన్ను వంపదు.

పాఠకులకు విజ్ఞప్తి

రోడ్డుమీద నిలిచిన బండి వెనుక హెచ్చరికగా గొమ్మలను రాళ్లను బేర్చుటయు, చక్రముల క్రింద బండరాయి నెట్టుటయు మన ప్రాంతమున డ్రైవర్ల కందఱకు నలవాటే. బండి బాగుపడినంతనే యా రాళ్లను నట్టనడి రోడ్డున విడిచిపోవుట కూడ నలవాటైనది. దీపములు లేని చోట వెనుక వచ్చు మోటారుసైకిలువాని కవి కనబడవు. పానాను డిక్కీలో వేయకముందే యా రాళ్లను దీసి గట్టుకు బాఱవేయుడు.