ఇనుము లాగువాని ఇంటి గుట్టు: టీకా తాత్పర్య సహితము

మూలము

ఇనుము లాగువాని కింటిలో బిడ్డలు
కలరటంద్రు కొంతకాల, మంత
కారటంద్రు మరల కర్త మారినపుడు;
అయ్య! యెవరి కయ్య? యరసి చెపుమ.

అవతారిక

పై ఆటవెలది టీకాకారుడి సొంత సరుకే. వ్యాఖ్యానించడానికి పద్యం దొరకనప్పుడు తానే ఒకటి కట్టుకోవడం ఈ వృత్తిలో పెద్ద నేరం కాదు. మూలంలో లేని ముక్క ఒక్కటీ రాయనని మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. ఆయనకేం! కాళిదాసు మళ్లీ వచ్చి ‘రఘువు దిలీపుడి కొడుకు కాడు, ఆ సర్గ కొట్టేసుకోండి’ అంటాడన్న బెంగ లేదు. మన మూలం అటువంటిది కాదు. అమెరికాలో మార్వెల్ కంపెనీవారు అరవై ఏళ్లకు పైగా అచ్చువేస్తున్న ఎక్స్-మెన్ కామిక్కుల కట్ట అది. ఇంకా ముగియలేదు. ముగియని గ్రంథానికి టీక రాయడం ప్రాణంతో ఉన్నవాడికి తద్దినం పెట్టడమే అని గిట్టనివారు అంటారు, అననీయండి.

టీక

ఇనుము లాగువానికి: అయస్కాంత శక్తి గల మాగ్నెటోకు అని అర్థము. ఇతడు 1963 సెప్టెంబరు నాటి ఎక్స్-మెన్ మొదటి సంచికలోనే ప్రత్యక్షమయ్యాడు. రాసినవాడు స్టాన్ లీ, బొమ్మలు వేసినవాడు జాక్ కర్బీ. వచ్చీ రాగానే ఒక క్షిపణి స్థావరం మీద పడ్డాడు. మ్యూటంట్లు, అనగా పుట్టుకతోనే వింత శక్తులున్నవారు, మామూలు మనుషులను ఏలాలన్నది అతని పట్టు. ఎందుకయ్యా అంత పట్టు అని ఆనాడు ఎవరూ అడగలేదు. విలన్‌కు కారణం అడగడం అప్పటికింకా మర్యాద కాలేదు. పేరు సంగతి మరీ విచిత్రం. మొదట బిరుదు తప్ప పేరే లేదు. తర్వాత మాగ్నస్ అన్నారు. ఆ తర్వాత ఎరిక్ లెన్షెర్ అన్నారు. అదీ దొంగపేరే అని తేల్చి, 2008లో మొదలైన ‘మాగ్నెటో టెస్టమెంట్’లో మాక్స్ ఐజెన్‌హార్ట్ అన్నారు. పేరే నిలవనివాడికి గోత్రం నిలుస్తుందా అని ఇచట ధ్వని.

ఇంటిలో: భూమి చుట్టూ తిరిగే గ్రహశకలంలో. దానికి యాస్టరాయిడ్ ఎం అని పేరు. ఇల్లరికపుటల్లుణ్ణి తెచ్చుకోవడానికి పనికిరాని ఇల్లు. ఇంతకన్నా విశేషం లేదు.

బిడ్డలు: ఇక్కడ టీకాకారుడు కుర్చీ ముందుకు లాక్కుంటున్నాడు. 1964 మార్చి నాటి నాలుగో సంచికలో వాండా, పియెత్రో అనే కవలలు కనిపిస్తారు. మంత్రాలు వేసే ఆమెకు స్కార్లెట్ విచ్ అనీ, పరుగెత్తే అతనికి క్విక్‌సిల్వర్ అనీ వాడుక. ఊరి జనం వాండాను మంత్రగత్తె అని తరుముకొస్తే మాగ్నెటో అడ్డుపడి కాపాడాడు. ఆ రుణానికి కట్టుబడి ఇద్దరూ అతని ముఠాలో చేరారు. ముఠా పేరు ‘దుష్ట మ్యూటంట్ల సోదర సంఘం’. తమను తామే దుష్టులని బోర్డు మీద రాయించుకున్న సంఘం లోకంలో మరొకటి ఉంటుందా? సోదర సంఘంలో ఆడపిల్లను ఎలా చేర్చుకున్నారో దాని నియమావళి చూస్తే గాని తెలియదు. ఏమైనా ఆ పిల్లలు అక్కడ పనివాళ్లే. యజమాని చూపుకు జడిసేవాళ్లే. మరుసటి ఏడు, 1965లో, రుణం తీరిందనుకుని వెళ్లి అవెంజర్స్ అనే వీరుల జట్టులో చేరిపోయారు. మాగ్నెటో వాళ్లకు తండ్రి అన్న ఊహ అప్పటికి రాసేవాళ్లకే లేదు.

కలరట: ‘అట’ అన్నది ఈ పద్యానికి ప్రాణం. ఎవరు అన్నారట? మొదట అన్నది విజ్జర్ అనే పాత వీరుడు. 1974లో వచ్చి, ఈ కవలలు నాకూ మిస్ అమెరికా అనే వీరవనితకూ పుట్టినవాళ్లే అన్నాడు. పాపం, నమ్మే అన్నాడు. అయిదేళ్లకు, 1979లో, అవెంజర్స్ 185 నుంచి 187 దాకా సాగిన కథలో అసలు మంత్రసాని నోరు విప్పింది. ఆమె పేరు బోవా. జాతికి ఆవు. హై ఎవల్యూషనరీ అనే శాస్త్రవేత్త పెంచి మాటలు నేర్పిన ఆవు అన్నమాట. వుండగోర్ కొండమీదికి మాగ్డా అనే నిండు గర్భిణి, మొగుడికి భయపడి పారిపోయి వచ్చిందనీ, కవలలను కని మంచులోకి వెళ్లిపోయిందనీ ఆ ఆవు చెప్పింది. మొగుడి పేరు మాత్రం చెప్పలేదు. అదే కాలంలో ఎక్స్-మెన్ 125వ సంచికలో మాగ్నెటో చచ్చిపోయిన భార్య బొమ్మ చూస్తూ కూర్చుంటాడు. ఆ భార్య పేరు మాగ్డా. రెండు పుస్తకాలూ కొన్నవాడికే గుట్టు తెలుస్తుంది. ఇది ధ్వనికావ్యమో వ్యాపారమో అని తర్కించేవారు ఉన్నారు. రెండూ అని మా మతం. 1983 ఫిబ్రవరిలో ‘ద విజన్ అండ్ ద స్కార్లెట్ విచ్’ నాలుగో సంచికలో బిల్ మాంట్లో ఆ ముడి బహిరంగంగా విప్పాడు. అప్పటికి పియెత్రోకు చంద్రుడి మీద లూనా అనే కూతురు పుట్టి ఉంది. ఏ శక్తులూ లేని మామూలు పిల్ల. మామూలు మనుషులను ఏలాలని తిరిగినవాడు, తండ్రి అయిన రోజే మామూలు మనిషికి తాతయ్యాడు. ఇంత చక్కని అలంకారం ఆ కట్టలో మళ్లీ కనబడదు.

పూర్వపక్షము: ‘సరే, తండ్రి అని తెలియనప్పుడు 1964లో ఆ పిల్లను ఎందుకు కాపాడాడు? ముఠాలో మనుషులు కావాలి గనుకనే కదా? అది స్వార్థం. స్వార్థంతో చేసిన మేలుకు తండ్రితనం అంటగట్టడం పైపూత కాదా?’

సమాధానము: తొందరపడరాదు. 1981 అక్టోబరు నాటి ఎక్స్-మెన్ 150వ సంచికలో క్రిస్ క్లేర్‌మాంట్ ఈ మనిషికి మొదటిసారి గతం ఇచ్చాడు. అతడు ఆష్విట్జ్‌లో పెరిగినవాడు. అక్కడ తనవాళ్లంతా పోగా మిగిలినవాడు. ఆ సంచికలోనే అతడు సోవియట్ జలాంతర్గామి ఒకదాన్ని మనుషులతో సహా ముంచేశాడు. కిట్టీ ప్రైడ్ అనే చిన్నపిల్లను చంపేశాననుకుని, చేతుల్లో ఉన్న ఆ ఒంటిని చూసి కుప్పకూలాడు. తానెవరిని అసహ్యించుకున్నాడో వాళ్లలాగే అయ్యానని అప్పుడు అర్థమైంది. ఇచట హాస్యానికి తావు లేదు, టీకాకారుడు కాసేపు ఊరుకుంటాడు.

తర్వాత 1987లో మరో పొర వేశారు. మాగ్డాతో కాపురం చేస్తున్న రోజుల్లో అన్యా అనే కూతురు ఉండేదట. ఇల్లు తగలబడింది. కాపాడబోయిన తండ్రిని జనం పట్టి ఆపారు. పిల్ల కళ్లెదుట పోయింది. అతని శక్తి కట్టలు తెంచుకుని ఆ జనాన్ని చంపింది. అది చూసి జడిసిన మాగ్డా, కడుపులో కవలలతో పారిపోయింది. ఇప్పుడు 1964 సంచిక తిరగేయండి. మూకుమ్మడిగా తరిమే ఊరి జనం, మధ్యలో ఒక ఆడపిల్ల. అతడు అడ్డుపడ్డాడు. ఎందుకు అడ్డుపడ్డాడన్న ప్రశ్నకు జవాబు ఇరవై మూడేళ్ల తర్వాత, మరో చేతి రాతలో వచ్చింది. కాపాడింది వాండాను కాదు, అన్యాను. లీ, కర్బీలకు ఈ సంగతి తెలియదు కదా అంటారేమో. తెలియదు, నిజమే. చేసినవాడికే తెలియని ఉద్దేశం ఉండవచ్చునంటే, రాసినవాడికి తెలియనిది ఎందుకుండరాదు? పని మారలేదు. దాని వెనక ఉన్న మనసును మాత్రం వచ్చినవాడల్లా తిరిగి రాశాడు. మాగ్నెటోను రసవత్తరం చేసింది ఈ ఎగుడుదిగుడే తప్ప ఇనుము కాదు.

కొంతకాలము: లెక్క వేస్తే 1983 నుంచి 2014 దాకా, ముప్ఫై ఒక్క ఏళ్లు. ఈ మధ్యలో అతడు పారిస్‌లో విచారణకు నిలబడ్డాడు (200వ సంచిక, 1985). ఎక్స్-మెన్‌ల గురువు ప్రొఫెసర్ ఎక్స్ అడిగితే ఆయన బడికి పెద్దయ్యాడు. పిల్లల హాజరు పట్టీలు దిద్దాడో లేదో గాని కొన్నాళ్లు బుద్ధిగానే ఉన్నాడు. 1991లో మళ్లీ విలన్ వేషం కట్టించి కొత్తగా ఎక్స్-మెన్ ఒకటో సంచిక వేస్తే 80 లక్షలకు పైగా ప్రతులు పోయాయి, గిన్నిస్ పుస్తకానికెక్కింది. పంతులుగారి కన్నా విలన్‌కే గిరాకీ అని కంపెనీకి అర్థమై ఉంటుంది. 2005 నాటి ‘హౌస్ ఆఫ్ ఎం’లో వాండా లోకాన్నే తిరగరాసి తండ్రిని రాజును చేసింది. మ్యూటంట్లే ఉండరాదని ఒక్క మాట అని, ఆయన ప్రజలను మాయం చేసింది కూడా ఆమే. కూతురు కాకపోతే ఇంత పని చేస్తుందా అని లౌకికుల వాదం. దీన్ని కాదనడం కష్టం.

కారటంద్రు: 2014 చివర ‘యాక్సిస్’ ఏడో సంచికలో, బుద్ధి తలకిందులైన వాండా తన రక్తం పంచుకున్న వారందరికీ తగిలేలా శాపం పెట్టింది. పియెత్రోకు తగిలింది. మాగ్నెటోకు తగల్లేదు. అంతే, తండ్రి కాకుండా పోయాడు. ఆస్పత్రి కాగితం లేదు, సాక్షి లేడు, ఆవునైనా మళ్లీ పిలిచి అడగలేదు. శాపంతో వంశనిర్ణయం చేయడం మన పురాణకర్తలకు కూడా తట్టలేదు. కర్ణుడి విషయంలో ఎన్ని దాచారో అన్నీ దాచారు గాని, చెప్పాక వెనక్కి తీసుకోలేదు. కుంతి యుద్ధం అయ్యాక వచ్చి ‘కాదులే, వాడి తల్లి రాధే’ అనలేదు. ఇక్కడ మరుసటి ఏడే హై ఎవల్యూషనరీ వచ్చి, ఈ కవలలు మ్యూటంట్లు కూడా కారు, మాక్సిమాఫ్‌లనేవారి ఇంటి పిల్లలు, నేను ప్రయోగాలు చేశాను అన్నాడు. తర్వాత నటాల్యా మాక్సిమాఫ్ అని వేరే తల్లిని తెచ్చారు. మాగ్డా కన్న ఆ ఇద్దరూ ఏమయ్యారని అడగరాదు. మంచులో అడుగుజాడలు వెతకడం టీకాకారుల పని కాదు.

కర్త మారినపుడు: ఇచట శ్లేష. కర్త అనగా రచయిత అని ఒక అర్థం, హక్కుదారు అని రెండో అర్థం. ఆ రోజుల్లో ఎక్స్-మెన్ సినిమా హక్కులు ఫాక్స్ సంస్థవి, అవెంజర్స్ మార్వెల్‌వి. కవలలు రెండిళ్లకూ చెందినవాళ్లు. 2014లో ‘డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్’లో ఒక క్విక్‌సిల్వర్, 2015లో ‘ఏజ్ ఆఫ్ అల్ట్రాన్’లో చెల్లెలితో కలిసి మరో క్విక్‌సిల్వర్ తెరకెక్కారు. సరిగ్గా ఈ రెండింటి నడుమే పుస్తకంలో తండ్రీ బిడ్డలకు విడాకులయ్యాయి. కాకి వాలడం, తాటిపండు రాలడం అని కంపెనీ పక్షం. చెట్టు కింద బుట్ట పట్టుకుని ఎవరు నిలబడ్డారో చూడండని పాఠకుల పక్షం. టీకాకారుడికి సాక్ష్యం లేదు గనుక తీర్పు చెప్పడు, కాస్త దగ్గి ఊరుకుంటాడు. తమాషా ఏమిటంటే, 2016లో ఫాక్స్ వారి ‘అపోకలిప్స్’లో క్విక్‌సిల్వర్‌కు మాగ్నెటో తన తండ్రే అని తెలుసు. అచ్చులో తెగిన పేగు తెర మీద అతుక్కుని ఉంది. 2019లో డిస్నీ ఫాక్స్‌ను కొనేశాక రెండిళ్లూ ఒకటయ్యాయి. తెగిన చుట్టరికం మాత్రం అలాగే ఉండిపోయింది. చుట్టరికం తెంచడం తేలిక, మళ్లీ కలపాలంటే పెద్దలు కూర్చోవాలి.

అయ్య! యెవరి కయ్య?: మొదటి ‘అయ్య’ సంబోధన, రెండోది తండ్రి. అడిగేవాడు మర్యాదస్తుడు, అడిగిన ప్రశ్న మాత్రం మర్యాదది కాదు.

తాత్పర్యము

ఇనుమును లాగగలవాడికి మనుషులను నిలుపుకోవడం చేతకాలేదు. వచ్చిన బిడ్డలు రుణమని వచ్చారు, రుణమైపోయాక పోయారు, రక్తమని మళ్లీ వచ్చారు, రక్తం కాదని మళ్లీ పోయారు. 2021లో వాండా హత్యకు గురైతే అందరి అనుమానమూ అతని మీదికే పోయింది. పరాయివాళ్లని శాపమే తేల్చిన ఏడేళ్ల తర్వాత కూడా ఆమె శవం పక్కన మొదట అతని పేరే ఎందుకు వినబడిందో ఆలోచించదగినది.

అనుబంధము

‘బిడ్డలు’ అన్న చోట ఒక సంగతి వదిలేశాము. 1968లో లోర్నా డేన్ అనే ఆకుపచ్చ జుట్టు పిల్లను తెచ్చి, మాగ్నెటో కూతురన్నారు. మూడు నెలలు తిరక్కుండా కాదన్నారు. కూతురా అని పిలిచిన ఆ మాగ్నెటో కూడా అసలువాడు కాడు, మరమనిషి అని 1969లో తేల్చారు. ముప్ఫై ఏళ్లకు పైగా ఆమె పుట్టుక సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కవలల గుట్టు, ఆవు వాంగ్మూలం, చంద్రుడి మీద మనవరాలు అంటూ లోకమంతా అటే చూసింది. 2003లో డీఎన్‌ఏ పరీక్ష చేస్తే కూతురు అవునని వచ్చింది. ఆ పరీక్షను ఇంతవరకు ఎవరూ కొట్టేయలేదు. ఇంతకీ ఆమె శక్తి ఏమిటి? ఇనుము లాగడమే. కళ్లెదుట లోహం గాలిలోకి లేపుతున్న పిల్లను వదిలి, పరుగెత్తేవాడిలోనూ మంత్రాలు వేసేదానిలోనూ పోలికలు వెతికారు ఇన్నేళ్లు. పద్యంలోని బహువచనంలో లోర్నాను చేర్చుకోవచ్చునా అంటే, వ్యాకరణానికి అభ్యంతరం లేదు. ఆమెకు ఉండవచ్చు.