చెమట పట్టని కుండ

మొన్న మా మనవడు విశాఖ నుంచి ఓ కుండ తెచ్చాడు. ఏడొందలట! కింద కుళాయి, మీద తామరపూలు, లోపలా బయటా తళతళలాడే వార్నిషు. మూడు రోజులైంది, నీళ్ళు పోసినవి పోసినట్టే ఉన్నాయి. "తాతా, చల్లబడవేం?" అంటాడు.

ఎలా చల్లబడతాయిరా? కుండకి చెమట పట్టాలి. మట్టి సందుల్లోంచి నీరు ఊరి, గాలికి ఆరుతూ లోపలి వేడిని పట్టుకుపోవాలి. ఆ సందులన్నీ వార్నిషుతో పూడ్చేశాక అది కుండేమిటి, బకెట్టు!

మా రోజుల్లో అరకు సంతలో కుండ కొనడం ఆషామాషీ కాదు. వానలు పడకముందే కొనాలి. మా కొండల్లో ముసురు పట్టిందంటే పచ్చి కుండ ఆరదు, ఆవం అంటుకోదు. మా మామ్మ గొంతుకూర్చుని, కుండని అరచేతి మీద పెట్టుకుని, వేలి కణుపుతో కొట్టేది. ఖంగుమంటే ఒళ్ళో పెట్టుకునేది. మొద్దుగా మోగిందా, ఎక్కడో నెర్రె ఉందన్నమాట. తర్వాత లోపల చెయ్యి పెట్టి అడుగు తడిమేది. సారె మీంచి దించిన కుండకి లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి తట్టి గుండ్రటి అడుగు తీస్తాడు కుమ్మరి. అక్కడ మందం తేడా వస్తే పొయ్యి మీద టప్పుమంటుంది. బేరం కుదిరితే డబ్బుల్లేవు, చోళ్ళు కొలిచి పోసేది. ఇంటికొచ్చి గంజి పట్టించాకే వంట.

ఆ గుండ్రటి అడుగు మూడు రాళ్ళ పొయ్యికి సరిపోయింది. దించితే గడ్డి కుదురుండేది. గ్యాసు పొయ్యొచ్చింది, కుండ దొర్లింది. సత్తు గిన్నె కొండదారిలో జారిపడ్డా సొట్టే పడుతుంది కాబట్టి అది వాడే మా కోడల్ని నేనేమీ అనను.

నా కోపమంతా ఇప్పటి మట్టి కప్పుల మీద. 2004లో రైల్వే మంత్రి లాలూ ప్రసాద్ రైళ్ళలో వాటిని పెట్టిస్తానంటే నేనూ సంబరపడ్డాను. 2019లో మా అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపొచ్చింది, బాగుంది. ఇప్పుడు మా కొండలు చూడ్డానికొచ్చేవాళ్ళు మట్టి కప్పులో కాఫీ తాగి, ఫొటో దిగి, కప్పు గట్టు మీంచి విసిరేస్తారు. మేం అంబలి చట్టి పగిలితే పెంకులో కోళ్ళకి నీళ్ళు పెట్టేవాళ్ళం, పక్కింటి నుంచి నిప్పు తెచ్చుకునేవాళ్ళం.

నా సణుగుడు పడలేక మనవడు గరుకు కాగితంతో కుండ గీకాడు. తామరపూలు పోయాయి. పొద్దున చూస్తే కింద తడి! పరిగెత్తుకెళ్ళి తడిమాను. కుళాయి కారుతోంది.