పట్టా జ్వరం

"తల్లి పట్టా తీసుకుంటుంటే పిల్లకి సెలవెందుకండీ? జ్వరమొస్తే చెప్పండి, ఇస్తాం."

వారం రోజులుగా ఒక స్కూలు ప్రిన్సిపాల్ గారన్న ఈ మాట వాట్సాప్‌లో ఊరేగుతోంది. అందరూ ఆయన్ని ఆడిపోసుకుంటున్నారు. నాకు మాత్రం అందులో దారి కనిపించింది. సెలవివ్వనని ఆయన అనలేదు కదా, జ్వరమైతే ఇస్తానన్నారు. తప్పంతా ఆ తల్లిది. ఓపెన్ యూనివర్సిటీలో బీఏ పూర్తయింది, స్నాతకోత్సవానికి మా ఆరో తరగతి పాపని తీసుకెళ్తాను, ఒక్కరోజు పంపండి అని ఉన్నదున్నట్టు డైరీలో రాసిచ్చింది. అమాయకురాలు. సెలవు చీటీల్లో మనవాళ్లు తరతరాలుగా ఒప్పుకునే కారణాలు మూడే: జబ్బు, పెళ్లి, చావు. అమ్మ డిగ్రీ పాసవడం పెళ్లి కాదు. చావు అంతకంటే కాదు. ఇక మిగిలింది జబ్బే.

ఆలోచించిన కొద్దీ అది జబ్బేనని నాకు రూఢి అయిపోతోంది. లక్షణాలు చూడండి. సాధారణంగా పెళ్లయి పదేళ్లు దాటాక, పిల్లలు బడికి పోవడం మొదలెట్టాక సోకుతుంది. మొదట్లో ఇంట్లో ఎవరూ కనిపెట్టలేరు. తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేస్తుంది. పొయ్యి దగ్గర పెదాలు కదులుతుంటాయి. దేవుడి స్తోత్రమేమో అనుకుని దగ్గరకెళ్లి వింటే ఫజల్ అలీ కమిషన్ సిఫార్సులు! కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో గుర్తుండదు. ఆదివారం ఇంటాయన కోడికూర తిని నడుం వాల్చే వేళకి రోగి చేతిసంచీ తగిలించుకుని స్టడీ సెంటర్‌కి వెళ్లిపోతుంది. పూజగదిలో దీపం పక్కన హాల్ టికెట్ కనిపించిందంటే ముదిరినట్టే. ఎకనామిక్స్‌లో ఒకటి రెండుసార్లు తిరగబెట్టడం మామూలే. మళ్లీ ఫీజు కట్టి రాస్తే తగ్గుతుంది.

ఓపెన్ యూనివర్సిటీ రూపంలో ఈ అంటురోగం దేశంలో మొదట బయటపడింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే, 1982లో. ఢిల్లీకి పాకి ఇగ్నూ అయ్యేసరికి 1985 వచ్చింది. 1991లో మన విశ్వవిద్యాలయానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. ఆయన పేరు పెట్టాక కూడా జబ్బు అదుపులో ఉంటుందని ఎవరనుకున్నారో గానీ, అప్పటికే తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఇంటర్ గడప తొక్కనివాళ్లు కూడా ఒక అర్హత పరీక్ష గట్టెక్కి డిగ్రీలో చేరొచ్చన్నారు. పదో తరగతి రాసిన ఏడాదే పెళ్లి చేసి వంటింట్లో భద్రంగా పెట్టుకున్న ఆడవాళ్లకి గాలి తగిలింది.

ఇప్పుడు చెప్పండి, స్నాతకోత్సవమంటే ఏమిటి? ముదిరిన కేసులన్నీ ఒకే హాల్లో. ఛాన్సలర్ హోదాలో గవర్నర్ గారే వచ్చి వ్యాధి నిర్ధారణ చేసి వెళ్తారు. అలాంటి చోట పదకొండేళ్ల పిల్లని కూర్చోబెడితే అంటుకోదూ? కాబట్టి ప్రిన్సిపాల్ గారు నిరాకరించింది సెలవు కాదు, ఆయన విధించింది క్వారంటైన్. అమ్మ పట్టా పుచ్చుకోవడం కళ్లారా చూసిన పిల్ల, రేపు ఇంటర్‌లో ఏ గ్రూపో పెద్దలంతా కూర్చుని తేల్చేస్తుంటే "నన్నడగరా?" అంటుంది. సంబంధం వచ్చిందంటే "డిగ్రీ అయ్యాక రమ్మనండి" అంటుంది. క్లాసులో చెప్పిందంటే ఇంకో నలభై మందికి. ఆ నలభై మందీ ఇంటికెళ్లి "అమ్మా, నువ్వెందుకు చదువు మానేశావే?" అని అడిగారనుకోండి, ఆ సాయంత్రం కాలనీలో ఎన్ని కూరలు మాడతాయో ఊహించుకోండి.

అయినా రోగికి దగ్గరివాళ్లను పరిశీలనలో ఉంచడం వైద్యధర్మం. అందుకని మా కాలనీ ఆర్‌ఎంపీ గారిచేత ఒక నమూనా సర్టిఫికెట్ రాయించాను. "పై పాప తల్లికి తీవ్రమైన పట్టా సోకినది. మూడేళ్లలో తగ్గవలసినది ఆరేళ్లు పీడించినది. పాప ఈ ఆరేళ్లూ ఆమె పక్కనే పడుకున్నందున ఒక్కరోజు స్కూలుకు దూరంగా ఉంచవలెను. మందులు అక్కరలేదు. పథ్యం: మధ్యాహ్నం హోటల్లో భోజనం, ఆపైన ఐస్‌క్రీం." సంతకం, స్టాంపు, వంద రూపాయలు. మర్నాడు బడికి పంపడానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కూడా ఇమ్మంటే మాత్రం ఆయన కలం ఆగిపోయింది. ఈ జబ్బు నయమైందని రాయడానికి తనకి ధైర్యం చాలదన్నారు.

హాజరు తగ్గిపోతుందని ప్రిన్సిపాల్ గారి బెంగ. ఆరో తరగతికి విద్యాహక్కు చట్టం చెప్పిన పనిదినాలు 220. అందులో ఒక్కరోజంటే అరశాతం కూడా కాదు.

ఆ అరశాతం మీద ఇంత పట్టింపు ఉన్న మన స్కూళ్లు, బహిరంగసభ అనగానే పసుపు బస్సులన్నీ అప్పగించి "రేపు బస్సులు రావు, సెలవు" అని మెసేజ్ పెట్టేస్తాయి. నాయకుడు వస్తున్నాడంటే పిల్లల్ని రోడ్డుకి రెండువైపులా ఎండలో నిలబెడతాయి, ఆ రోజు హాజరు నిక్షేపంగా పడుతుంది. వార్షికోత్సవం డాన్సులకి వారాల తరబడి లెక్కల పీరియడ్లు పోతాయి. పాదపూజ అని తల్లుల్ని పిలిచి, వరుసగా కుర్చీల్లో కూర్చోబెట్టి, పిల్లలచేత కాళ్లు కడిగించి, ఆ నీళ్లు నెత్తిన చల్లించి, ఫొటో తీసి ఫ్లెక్సీ వేస్తాయి. దానికి పూటంతా పోయినా పోర్షన్ వెనకబడదు. తల్లి కాళ్లయితే స్కూలుకి పనికొస్తాయి. తల ఏం చదివిందో మాత్రం పిల్ల చూడకూడదు.

ఇలాంటి తల్లుల్ని చిన్నప్పుడు చదువు మాన్పించిన రోజున ఎవరూ ఎవరినీ సెలవు చీటీ అడగలేదు. బల్ల మీంచి లేపి పీటల మీద కూర్చోబెట్టినప్పుడు "ఎందుకండీ మాన్పిస్తున్నారు?" అని ఏ ప్రిన్సిపాలూ వాళ్ల గుమ్మం దాకా రాలేదు. రిజిస్టర్‌లో పేరు కొట్టెయ్యడానికి ఒక్క గీత సరిపోయింది. బతుకంతా బడికి సెలవిచ్చి పంపేసినప్పుడు అడ్డురాని నిబంధన, ఆ మనిషి ఇన్నేళ్లకి తన చదువు తనే వెతుక్కుని, అది కూతురికి చూపించుకుంటానని ఒక్కరోజు అడిగితే అడ్డొచ్చింది! పట్టా పోస్టులోనూ తెప్పించుకోవచ్చుగా అని ఉచిత సలహా ఇస్తున్న పెద్దమనుషులూ ఉన్నారు. మీ అబ్బాయి అమెరికాలో ఎంఎస్ పట్టా పుచ్చుకుంటుంటే టికెట్లు కొనుక్కుని ఎందుకు వెళ్లారు బాబూ? అక్కడ పోస్టాఫీసులు లేవా?

అమ్మా, ఇక సెలవు అడక్కు. పిల్లని తీసుకుని వెళ్లు. ఆబ్సెంట్ వేసుకుంటే వేసుకోనీ. ఈసారి ప్రోగ్రెస్ కార్డు ఇంటికి వచ్చినప్పుడు, సంతకం చేసే చోట నీ పేరు పక్కన బీఏ అని స్పష్టంగా రాసి పంపు.