తాతకు దగ్గులు, ఇథియోపియాకు కాఫీ

విదేశం వెళ్లి, రెండు మూడు వారాలుండి, అక్కడి సన్నకారు రైతుకు కాఫీ పండు ఎలా కొయ్యాలో, గింజ ఎలా కడిగి ఆరబెట్టాలో నేర్పి రావడం సేవలన్నిట్లోకీ సువాసన గల సేవ. అమెరికా ప్రభుత్వమైతే 1985 వ్యవసాయ చట్టంలోనే ‘ఫార్మర్ టు ఫార్మర్’ పేరిట ఇలాంటి ప్రయాణాలకు బాట వేసింది. వెళ్లేవాడికి జీతం ఉండదు. విమానం టిక్కెట్టు, బస, భోజనం, వెంట ఒక దుబాసీ మాత్రం ఉంటాయి. అలా బయల్దేరిన సేవకుడు ఇథియోపియాలో దిగుతాడు. అరబికా కాఫీ పుట్టినిల్లు అది. పండించిన దాంట్లో సుమారు సగం వాళ్లే తాగేస్తారు. అతిథి వస్తే ఇల్లాలు గింజలు కడిగి, పెనం మీద వేయించి, రోట్లో దంచి, జెబెనా అనే మట్టి కూజాలో కాచి, అదే పొడితో మూడు విడతలు పోస్తుంది. ఆ మూడు విడతలూ తాగి, మూతి తుడుచుకుని, సేవకుడు కాఫీ పాఠం మొదలెడతాడు. తాతకు దగ్గులు నేర్పడానికి ఇంత ప్రయాణ భత్యం ఎక్కడా దొరకదు.

పాఠంలో తప్పేమీ లేదు. ఎర్రగా పండిన పండే కొయ్యాలి. కోసిన రోజే తోలు తీయాలి. గింజకంటిన జిగురు వదిలేదాకా పులియబెట్టాలి, మోతాదు మించితే కంపు కొడుతుంది. కడిగాక ఎత్తయిన వల మంచెల మీద పల్చగా పరిచి, రోజూ కలియబెడుతూ, నల్లవీ విరిగినవీ ఏరేస్తూ, మిట్టమధ్యాహ్నపు ఎండకూ రాత్రి మంచుకూ కప్పుతూ, తేమను 11 శాతం దగ్గరికి దించాలి. అన్నీ నిజాలే. ఆ మంచెలను కాఫీ లోకమంతా ‘ఆఫ్రికన్ బెడ్స్’ అంటుందన్నదీ నిజమే. ఆఫ్రికా మంచె ఎలా వాడాలో ఆఫ్రికా రైతుకు చెప్పడానికి మహాసముద్రం దాటి రావడమంటే ఎంత త్యాగం!

అసలు చిక్కు ఎక్కడంటే, రైతు తెలియక పచ్చికాయ కోస్తున్నాడని పాఠం ముందే నమ్మేసింది. ఎర్రపండే కొయ్యాలంటే ఒకే చెట్టు చుట్టూ పలుమార్లు తిరగాలి, తిరిగినప్పుడల్లా కూలి ఇవ్వాలి. కొనేవాడు ఎరుపుకూ పచ్చకూ ఒకటే ధర కడితే కొమ్మ మొత్తం దూసెయ్యడమే తెలివి. పంట చేతికి రాకముందే అప్పు చేసినవాడు రెండు వారాలు మంచె దగ్గర కాపలా కూర్చోలేడు, పండు పండుగానే దళారి కాటాలో పోస్తాడు. ఇక ప్రపంచపు కాటా సంగతి. అంతర్జాతీయ కాఫీ ఒప్పందపు ఎగుమతి కోటాలు 1989లో కూలాయి. 2001 చివరికి పచ్చి గింజ పౌను 50 సెంట్ల లోపుకు, అంటే కిలో సుమారు ఒక డాలరుకు పడిపోయింది. ఆ రోజుల్లో జర్మనీ సర్కారు వేయించిన కాఫీ మీద కిలోకు వసూలు చేసిన ప్రత్యేక పన్ను యూరోల్లో చెబితే 2.19. నేటికీ అదే రేటు. కాఫీ తోట అంటూ లేని దేశపు ఖజానాకు, తోట పెంచినవాడి సరుకు మొత్తం ధర కంటే ఎక్కువ ముట్టింది. రైతు ఇంకో ఆరు గంటలు పులియబెట్టి ఉంటే ఆ తేడా పూడేదేమో, శాస్త్రజ్ఞులు చెప్పాలి.

మరి రువాండా మాటేమిటని అడుగుతారు. అడగాల్సిందే. 2000 ప్రాంతంలో అక్కడ కాఫీ కడిగే కేంద్రాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దశాబ్దం తిరిగేసరికి వందల్లోకి చేరాయి. 2001లో మొదలైన పెర్ల్ అనే సహాయ ప్రాజెక్టు అండతో మరబా సహకార సంఘం కాఫీ 2003కల్లా బ్రిటన్ సూపర్‌మార్కెట్లకెక్కింది. నాణ్యత పెరిగితే ధర పెరుగుతుందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అయితే అక్కడికి వెళ్లింది పాఠం ఒక్కటే కాదు. కేంద్రం కట్టారు, ఏళ్ల తరబడి వెంట ఉన్నారు, స్థానికులకే రుచి పరీక్ష అలవాటు చేశారు, ఎక్కువ ధరకు కొనేవాణ్ణి వెతికి తెచ్చారు. మన అరకు గిరిజనుల కాఫీ 2017లో పారిస్‌లో దుకాణం తెరిచిందన్నా, వెనక పండు కొని, ఒకచోట శుద్ధి చేసి, సొంత పేరుతో అమ్మే ఏర్పాటు ఉండబట్టే.

పైసా తీసుకోకుండా వచ్చినవాణ్ణి ఎగతాళి చేయడం పాపమనీ అంటారు. పండు తోలు తీసే పల్పర్ యంత్రం బాగుచేసేవాడు, సహకార సంఘం లెక్కలు చక్కబెట్టేవాడు, ఒక్క గింజతో కప్పంతా పచ్చి బంగాళాదుంప వాసన కొట్టించే రువాండా తెగులును పరిశోధించేవాడు వస్తే పీట వేసి కూర్చోబెట్టాల్సిందే. నవ్వొచ్చేది లెక్క చూసే తీరుకు. ఎంతమందికి శిక్షణ ఇచ్చామన్న గడి నిండితే చాలు, తర్వాత కిలోకు ఎంత పలికిందన్న గడి ఖాళీగా ఉన్నా ప్రాజెక్టు పాసే. రైతులకు సుస్థిరత మీద అన్ని పాఠాలు చెప్పించిన అమెరికా సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ 2025లో తానే మూతపడింది. పాఠం విన్న రైతు మాత్రం ఇంకా కాఫీ పండిస్తూనే ఉన్నాడు.

కాబట్టి ఈసారి ఇథియోపియాలోని సిదామా రైతునే రెండు వారాలు జర్మనీలోని హాంబర్గ్ పంపుదాం. పంటకు ముందే బయానా ఇవ్వడం, ఎర్రపండుకు వేరే ధర కట్టడం, మూడేళ్లకు ఒప్పందం రాసుకోవడం అక్కడి వ్యాపారులకు ఓపిగ్గా నేర్పుతాడు. చివర్లో హాజరుపట్టీ, గ్రూపు ఫొటో, టీషర్టు తప్పనిసరి. అంత ఖర్చెందుకంటారా? అయితే సేవకుడి టిక్కెట్టు డబ్బుతో మంచెలకు వల కొని పంపండి. ఎలా పరచాలో వాళ్లకు తెలుసు.