కొన్ని ఫోన్లలోనే సైటు మొరాయిస్తే: తలకిందుల సలహాలు

"మా దగ్గర బాగానే వస్తోందండీ." వెబ్‌సైట్లు చేసేవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఇది. అవతల ఒక తండ్రి కూతురి హాస్టల్ ఫీజు కట్టడానికి ఐఫోన్‌లో పేజీ తెరిస్తే తెల్లటి తెర తప్ప ఏమీ రాదు. గడువు ఆ రోజుతో సరి. మీ దగ్గర బాగా వస్తే ఆయనకు ఒరిగేదేముంది? కింద చెప్పేవి ఈ పనిలో ఉన్నవాళ్లకు తలకిందులుగా తోచవచ్చు. అయినా ఇలాగే చేయమంటాను.

"క్యాష్ క్లియర్ చేసి చూడండి" అని మాత్రం ముందే చెప్పకండి. అలా చేస్తే ఒక్కోసారి సమస్య పోతుంది, దానితో పాటు కారణమూ పోతుంది. రేపు ఇంకొకరికి అదే వస్తే మళ్లీ మొదటికే వస్తాం. ప్రైవేట్ ట్యాబ్‌లో తెరవమనండి. అక్కడ సరిగ్గా వస్తే గొడవ పాత ఫైలుదో, కుకీదో, ఎక్స్‌టెన్షన్‌దో అయి ఉంటుంది. ఆధారం చెరగదు, వాళ్ల లాగిన్లూ పోవు.

ఐఫోన్ వాళ్లకు "క్రోమ్‌లో ప్రయత్నించండి" అనడం వృథా. ఆపిల్ నియమం ప్రకారం ఐఫోన్‌లో క్రోమ్ అయినా ఫైర్‌ఫాక్స్ అయినా లోపల నడిచేది సఫారీ ఇంజిన్ వెబ్‌కిట్టే. 2024లో ఐరోపా సమాఖ్య దేశాల్లో ఈ నియమాన్ని సడలించారు కానీ మన దగ్గర కాదు. ల్యాప్‌టాప్ క్రోమ్‌లో ఐఫోన్ బొమ్మ ఎంచుకుని పరీక్షించినా అంతే. తెర కొలత మారుతుంది, ఇంజిన్ మారదు.

ఇక ఆ తెల్ల పేజీ సంగతి. ఫీజు అంకెల మధ్య కామాలు పెట్టడానికి నెట్‌లో దొరికే ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ చాలా సైట్లలో కనిపిస్తుంది. అందులో లుక్‌బిహైండ్ అనే చిన్న గుర్తు ఉంటుంది, అంటే వెనక ఏముందో చూసి రమ్మనడం. క్రోమ్‌కు అది 2017 నుంచి తెలుసు. సఫారీకి 2023 మార్చిలో వచ్చిన 16.4తో గానీ రాలేదు. అంతకు ముందరి సఫారీ ఆ గుర్తు చూడగానే ఫైలు మొత్తాన్నీ తిప్పికొడుతుంది. కామాలు రాకపోతే పోయేదేమీ లేదు. కానీ ఆ ఫైల్లో ఒక్క వరుస కూడా నడవదు, పేజీ గీసే పని కూడా అందులోనే ఉంటే తెర తెల్లగా మిగులుతుంది. "ఫోన్ అప్‌డేట్ చేసుకోండి" అంటారా? ఐఫోన్ 7కు ఐఓఎస్ 16 రాదు. ఆ తండ్రి చేతిలో ఉన్నది అదే అయితే మీ సలహా పాటించాలంటే ఆయన కొత్త ఫోన్ కొనాలి. కామాలు పెట్టే వరుస మార్చడానికి మీకు పది నిమిషాలు చాలు.

బ్రౌజర్ పేరు చూసి దారి మళ్లించే కోడ్ కూడా వద్దు. పేరు అడిగితే క్రోమ్ తనను మొజిల్లా అనీ, సఫారీ అనీ కూడా చెప్పుకుంటుంది. మీకు కావలసిన సౌకర్యం ఉందో లేదో నేరుగా అడిగి చూడండి.

తప్పు ఎప్పుడూ మీదే అని కాదు. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' ఒక ప్రత్యేక రూపంలో వస్తే చాలు, ఐఫోన్ యాప్‌లు కుప్పకూలేవి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. తెలుగు పేజీలు చేసేవాళ్లకు ఇంకో మాట. ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో, విండోస్‌లో సిద్ధంగా ఉండే తెలుగు ఫాంట్లు వేరువేరు. వరుస ఎత్తును బిగించి పెడితే ఒకచోట సరిపోయిన వత్తు ఇంకోచోట కింద తెగిపోతుంది. 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి మాటలతో పరీక్షించండి.

కొత్త ఫోన్ కొనే డబ్బుంటే దానితో వాడేసిన పాత ఫోన్లు రెండు కొనండి, ఒకటి ఐఫోన్, ఒకటి చవక ఆండ్రాయిడ్. ఫిర్యాదు రాగానే కోడ్ మీద పడకండి. ఏ ఫోను, ఏ వెర్షను, లింకు ఎక్కడి నుంచి నొక్కారు అని అడగండి. ఫేస్‌బుక్‌లో నొక్కిన లింకు ఆ యాప్ లోపలే తెరుచుకుంటుంది, అక్కడి నడక వేరు. ఆ తప్పు మీ కళ్ల ముందు కనబడ్డాకే సరిచేయండి. చేశాక ఫిర్యాదు చేసినాయనకు ఫోన్ చేసి, ఆయన ఫోన్‌లోనే ఒకసారి తెరిచి చూడమనండి. "వచ్చిందండీ" అని ఆయన అన్నాకే టికెట్ క్లోజ్ చేయండి.