మిద్దె మీద ఇడ్లీపాత్ర

ఇంట్లో ఇడ్లీలు ఉడకడానికి పది నిమిషాలు చాలు. మా మిద్దె మీద టమాటా నారు ఉడకడానికి రెండు రోజులు పట్టింది. కానీ ఇడ్లీ రేకుకి గుంటలు నాలుగే. నేను నారు పోసిన ప్రోట్రేకి 98. ఆ లెక్కన మాది పెళ్లివారి వంట.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మనవాళ్లు ఎప్పుడో తేల్చేశారు. సరిగ్గా అది వెళ్లిన వారానికి, హైదరాబాదులోని మా మిద్దె మీద నేనొక గ్రీన్‌హౌస్ నిలబెట్టాను. ఇనుప గొట్టాలు, లోపలంతా కనబడే ప్లాస్టిక్ తొడుగు, ముందు ఓ పొడవాటి జిప్పు. అట్టపెట్టె మీద ఉన్నిటోపీ పెట్టుకున్న తెల్లావిడ నవ్వుతోంది. ఆమె వెనక కంచె మీద మంచు పేరుకుని ఉంది. ఆ మంచు చూసైనా నాకు అనుమానం రావలసింది. అనుమానానికి బదులు ముచ్చటేసింది.

పంటల ప్రణాళిక న్యూజెర్సీలో ఉన్న మా బావమరిది పంపాడు, ఎక్సెల్‌లో, రంగు రంగుల గడులతో. అతని తప్పేం లేదు. అక్కడ ఏప్రిల్ నెలాఖరుకి కూడా రాత్రిపూట మంచు కాటేస్తుంది. అందుకని నారును ఇంట్లోనో గ్రీన్‌హౌస్‌లోనో వెచ్చగా సాకి, గండం గడిచాక నేలలో నాటుకుంటారు. పరాయిగడ్డ మీద గోంగూర తినాలంటే ఆ మాత్రం అవస్థ తప్పదు. నేను మాత్రం ఆ ప్రణాళికను అక్షరం మార్చకుండా దించాను. అందులో ‘చివరి మంచు తేదీ’ అని ఒక గడి ఉంటే, దాన్నీ భక్తిగా ఉంచాను. నా ఇల్లు లంబసింగిలో ఉన్నా ఆ గడికి పని పడేది సంక్రాంతి చలికే. మా మిద్దె మీద మార్చి నెలలో మంచు కనిపించేది సోడాబండి వాడి దగ్గర.

మొదటి విడత నారు నీళ్లలో పోయింది. గుంటకి నాలుగైదు గింజలు వేసి, పొద్దునా సాయంత్రమూ తడిపి, గాలి సోకకుండా జిప్పు బిగించాను. మూడు అంగుళాలు ఎదిగిన మొలకలు మట్టికి ఆనుకున్నచోట మెత్తబడి, మెడలు వాల్చి పడిపోయాయి. దీన్ని నారుకుళ్లు అంటారు. ఒత్తుగా పోసిన నారు, ఆరని తడి, కదలని గాలి ఉంటే మట్టిలోని బూజుకి అంతకన్నా సౌకర్యం అక్కర్లేదు. నేను దానికి ఏసీ గది తప్ప అన్నీ అమర్చాను.

రెండో విడతకి జ్ఞానం వచ్చి నీళ్లు తగ్గించాను. ఉగాదికి ఊరెళుతూ, కోతులు వస్తాయేమోనని జిప్పు మాత్రం మళ్లీ బిగించాను. రెండు రోజుల తర్వాత వచ్చి తీస్తే, లోపలి నుంచి ఆకుకూర ఉడికిన వాసన వచ్చింది. ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారులో పది నిమిషాలు కూర్చున్న ఎవరికైనా ఈ శాస్త్రం తెలుసు. వెలుతురు లోపలికి వస్తుంది, వేడెక్కిన గాలికి బయటికి దారి ఉండదు. కారులో కూర్చున్నవాడు తలుపు తీసుకుంటాడు. టమాటా మొక్కకి చేతుల్లేవు.

విచారణ మొదలైంది. మొదటి నిందితులు గింజలు, రెండో నిందితురాలు కొబ్బరిపొట్టు, మూడో నిందితుడు వాతావరణ మార్పు. గ్రీన్‌హౌస్‌ని సాక్షిగా కూడా పిలవలేదు. మిద్దె తోటల మిత్రులు ఫోనులో సంతాపం తెలిపి, ప్లాను సవరించుకోమన్నారు. మన దేశంలో ప్లాను సవరించడానికి ఒకటే అర్థం: అంచనా వ్యయం పెంచడం. వేడి బయటికి పోవడానికి ఒక ఫ్యాను, వేడి ఎంతుందో చూడడానికి ఒక మీటరు, తేమకి ఇంకో మీటరు, ఎండ తగలకుండా పైన ఆకుపచ్చ షేడ్‌నెట్. ఎండ తగలడం లేదు కాబట్టి లోపల వెలుతురుకి ఊదారంగు దీపాలు! ఏప్రిల్ నెల హైదరాబాదులో సూర్యుణ్ణి అడ్డుకుని, ఆయన పని కరెంటు దీపానికి అప్పగించే పథకం అది. నేను బిల్లు కట్టేదాకా వెళ్లి, మా ఆవిడ ముఖం చూసి ఆగాను.

గ్రీన్‌హౌస్‌కి నేను శత్రువును కాను. దానికో పుట్టుక ఉంది, ఆ పుట్టుకకో కారణం ఉంది. మొదటి శతాబ్దపు రోమన్ చక్రవర్తి టైబీరియస్‌కి దోసజాతి కాయంటే ప్రాణం, రోజూ పళ్లెంలో ఉండాల్సిందే. అందుకని తోటమాలులు చక్రాలున్న మడుల్లో పాదులు పెంచి, ఎండ ఉన్నచోటికల్లా తోసుకెళ్లేవాళ్లని, చలికాలంలో పారదర్శకమైన రాతి పలకల చాటున దాచేవాళ్లని రోమన్ రచయిత ప్లినీ రాసిపెట్టాడు. అంటే చక్రవర్తి అంతటివాడు ఎండ కోసం బళ్లు తోయించుకున్నాడు. మనకా ఎండ ఊరికే వచ్చి నెత్తిన కూర్చుంటుంది. పెన్నలోనో కృష్ణలోనో నీళ్లు తగ్గితే ఏటి ఇసుకలో గుంటలు తీసి, ఆ మండుటెండలోనే దోస, పుచ్చ పండించిన రైతులు మనవాళ్లు. టైబీరియస్ చూసి ఉంటే రాజధానిని ఏటి ఒడ్డుకి మార్చేవాడు.

చేవెళ్ల వైపు పాలీహౌసులు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. వెళ్లి చూడండి. మనిషికి రెండింతల ఎత్తు, పక్కలకి చుట్టి పైకి లేపే తెరలు, పైన గాలి పోయే దారి, లోపల పొగమంచులా నీరు చిమ్మే గొట్టాలు. ఆ రైతు డబ్బంతా లోపలి వేడిని బయటికి పంపడానికే పోస్తాడు. నేను మాత్రం లోపలే దాచుకోవడానికి పోశాను.

చివరికి పల్నాడులోని మా అత్తయ్యకి ఫోన్ చేశాను.

“నారంతా పోయిందత్తయ్యా.”

“ఏ నారు అల్లుడుగారూ?”

“టమాటా, రంగుల క్యాప్సికం, బ్రకోలి.”

“ఎక్కడ పోశారు?”

“గ్రీన్‌హౌస్‌లో. ప్లాస్టిక్ కాగితం కప్పిన గది. లోపల వెచ్చగా ఉంటుంది.”

కాసేపు అటునుంచి మాట లేదు.

“ఎండాకాలంలో... వెచ్చగానా?” అన్నారు. అల్లుణ్ణి అంతకు మించి అనలేక, “బీరగింజలు పంపిస్తాలెండి. రోహిణి కార్తె వెళ్లనివ్వండి” అన్నారు.

ఆ ఒక్క మాటతో నా ఎక్సెల్ కూలిపోయింది. నా నారు బతికి ఉంటే మాత్రం ఏమయ్యేది? పగటి వేడి 35 డిగ్రీలు దాటితే టమాటాకి పూత నిలవదు. ఏప్రిల్‌లో నాటితే మే నెలంతా పూత రాల్చుకుంటూ, నా చేత నీళ్లు మోయించేది. బ్రకోలి, కాలీఫ్లవర్ లాంటివి మన దగ్గర వానాకాలం చివర నారు పోసుకుని చలికి తినే పంటలు. వాటిని వేసవి గుమ్మంలో పోసినవాడు, చచ్చాయని ఏడవడంలో న్యాయం లేదు.

ప్లాను ఇప్పుడు నిజంగానే మారింది. ఎక్సెల్ లేదు, పాత క్యాలెండరు వెనక పెన్సిల్‌తో రాసుకున్నాను. ఖాళీ అయిన తొట్లలో సగం తోటకూరకి, గోంగూరకి. చల్లిన నెలరోజులకి తోటకూర కూరలోకి వస్తుంది. ఓ నాలుగు తొట్లు బెండకి, గోరుచిక్కుడికి. ఈ పంటలకి నారు పొయ్యక్కర్లేదు, నేరుగా గింజ పెడితే చాలు. బీర, సొర, కాకరకి తొలకరి దాకా ఆగాలి. వాటి వేర్లకి చోటు మార్చడం గిట్టదు, అవీ గింజ పెట్టినచోటే పెరగాలి. టమాటా, వంగ నారు జూన్‌లో, షేడ్‌నెట్ కింద, నాలుగు వైపులా గాలి ఆడేలా. అదీ పోతే నర్సరీకి వెళ్లి నారు కట్ట కొనుక్కోవడం. నారు కొన్నవాడు రైతు కాకుండా పోడు. నర్సరీ నారు నాటే రైతులు మన చుట్టూ ఎందరో.

ఇక గ్రీన్‌హౌస్. పారెయ్యలేదు. నారుకుళ్లు తెచ్చిన ఆ మట్టినంతా ఒకచోట మడిగా పరిచి, బాగా తడిపి, తొడుగు కోసి దాని మీద కప్పి, అంచులు ఇటుకలతో నొక్కిపెట్టాను. నడివేసవిలో అలా నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే, ఆ వేడికి మట్టిలోని చాలా రకాల తెగుళ్ల బూజులు, కలుపు గింజలు చస్తాయి. వ్యవసాయ శాస్త్రం ఒప్పుకున్న పద్ధతే. ఉడికించడంలో ఆ కాగితానికి ఉన్న నైపుణ్యాన్ని నేను అనుమానించలేదు. దాని కింద ఏం పెట్టాలో తెలియక నారు పెట్టాను.

మీ మిద్దె మీద కూడా జిప్పున్న గది ఉంటే, మే నెల రాకముందే ఆ కాగితం విప్పి మట్టికి కప్పండి. మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. గింజలు అప్పటికి చేతిలో ఉంటే చాలు.